కొనబోయేవాళ్ళ గది

అమెరికాలో షాంటిలీ అనే ఊళ్ళో కృష్ణకుమారి ఇంటి గోడలకు ఒక్క మేకు కూడా ఉండదు. ఆ ఇంట్లో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా వాళ్ళమ్మ ఫోటో ఇప్పటికీ పుస్తకాల బీరువా మీద గోడకు చేరగిలబడే ఉంటుంది, ఎవరైనా వచ్చి తనని ఎక్కడ పెడతారో చెబుతారేమోనని ఎదురుచూస్తున్నట్టు. మేకు కొడదామంటే భర్త మల్లికార్జునరావు ఒప్పుకోరు. "రేపు ఇల్లు అమ్మేటప్పుడు కన్నాలన్నీ కనపడతాయి కుమారీ, కొనేవాళ్ళు అదే చూస్తారు" అంటారు.

కొనేవాళ్ళు! వాళ్ళెవరో, ఎప్పుడొస్తారో ఆ దేవుడికి కూడా తెలియదు. కానీ ఆ ఇంట్లో చెల్లేది వాళ్ళ మాటే. వంటింటికి పసుపు రంగు వేయిద్దామని కృష్ణకుమారికి ఎంతో ఉండేది. కొనేవాళ్ళకు ముదురు రంగులు నచ్చవు కనుక సగ్గుబియ్యం జావ రంగు వేయించారు. తివాచీ కూడా ఆ రంగే. ఇంటి చుట్టూ ఉన్న గడ్డి మీద సొంత కూతుర్నే ఆడుకోనివ్వలేదు. ఆ కూతురు అంకిత చదువై, ఉద్యోగమై, పక్క రాష్ట్రంలో, క్యారీలో మందుల కంపెనీలో సైంటిస్టుగా స్థిరపడింది. రేపో మాపో ఈ ఇల్లు అమ్మేసి దాని దగ్గరికి వెళ్ళిపోవాలని మొగుడూపెళ్ళాలు అనుకుంటూనే ఉన్నారు. అనుకుంటున్నంత కాలమూ కొనేవాళ్ళు ఆ ఇంట్లో కనపడకుండా కాపురం చేస్తూనే ఉన్నారు.

మల్లికార్జునరావు వంతెనల ఇంజనీరు. రాష్ట్ర రహదారుల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత ఆయన మీద కోపం వస్తుంది. భార్యకు జ్వరం వస్తే చారు కాచి పెట్టగల మనిషి. కాకపోతే ఇంట్లో ఏ పనైనా, అది చేసేదాకా ఆయనకు నిద్ర పట్టదు. అది ఎవరి కోసం చేస్తున్నామన్నది మాత్రం మధ్యలో ఎక్కడో జారిపోతుంది.

కృష్ణకుమారి ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు ఉద్యోగమంతా గడిపింది. చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేది కనుక చలికాలం ఎలా ఉంటుందో ఆమెకు నిజంగా తెలియదు. రిటైరయ్యాక మొదటి నవంబరులో తెలిసింది. చలికాలం కోసం గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారానికే ఒంట్లోంచి ఎవరో సత్తువ తోడేసినట్టయింది. మెలకువ వచ్చేది, లేవబుద్ధయ్యేది కాదు. కందిపప్పు కుక్కర్లో పోసి, నీళ్ళు పోయడానికి కుళాయి దగ్గరికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయేది. ఏడుపొచ్చినా బాగుండేది. అదీ రాలేదు.

ఆ జనవరిలో ఒకరోజు కొత్తిమీర కోసం ఇండియన్ స్టోరుకు వెళ్ళింది. కారు పార్క్ చేసింది. దిగలేదు. అద్దంలోంచి ఎండ ఒళ్ళో పడుతోంది. చాలా రోజుల తర్వాత ఒంటికి హాయిగా తగిలింది అదొక్కటే. అది పోతుందేమోనన్న భయంతో అలాగే కూర్చుంది, కొట్లో దీపాలు వేసేదాకా. ఉత్త చేతులతో ఇంటికి తిరిగి వస్తూ దారిలో, వంతెన దాటుతుండగా ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. అదేమిటో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పనక్కర్లేదు. కానీ తనంటే తనకే భయం వేసింది. మర్నాడే వెళ్ళి డాక్టరుకు మాత్రం చెప్పింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. దీనికో పేరుందని, సిగ్గుపడాల్సిన పని లేదని, మాత్రలు వేసుకోమని, రోజూ ఎండలో కూర్చోమని చెప్పింది. రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి కూడా బొత్తిగా అడుగంటి ఉంది. వచ్చే చలికాలానికి ఇప్పట్నుంచే ఏర్పాటు చేసుకో, ఇంట్లో ఎవరికైనా చెప్పు, అంది.

ఇంటికొచ్చి కృష్ణకుమారి విటమిన్ సంగతి ఒక్కటే చెప్పింది. "ఓస్, అంతేనా, మనవాళ్ళందరికీ డి తక్కువే" అన్నారు మల్లికార్జునరావు. సాయంత్రానికల్లా హోల్‌సేల్ కొట్టు నుంచి ఊరగాయ జాడీ అంత సీసా పట్టుకొచ్చారు.

మిగతాది ఎందుకు చెప్పలేదంటే, దమయంతి గతి ఏమైందో కళ్ళారా చూసింది కనుక. పక్క ఊరు హెర్న్‌డన్‌లో ఉండే దమయంతి ఆమెకు పాతికేళ్ళ స్నేహితురాలు. ఒక ఏడు మనసు బాగాలేక ఆసుపత్రిలో ఉండి వచ్చింది. ఆ తర్వాత మనవాళ్ళ పార్టీల్లో ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. "దమయంతికి మెంటలట" అన్న మాట బిర్యానీ ప్లేట్లతో పాటు చేతులు మారింది. పెళ్ళికావాల్సిన పిల్లలున్న తల్లులైతే ఫోన్లే మానేశారు. అంకితకు ఇంకా పెళ్ళి కాలేదు.

అందుకని వేసవి రాగానే కృష్ణకుమారి ఎండ సంగతిని మరో దారిలో తెచ్చింది.

"వంటింటి పక్కన చిన్న అద్దాల గది కట్టిద్దామండీ. కరివేపాకు చెట్లకి. ఏటా అక్టోబర్‌లో వాటిని లాండ్రీ రూమ్‌లోకి మోయలేక చస్తున్నాం."

మల్లికార్జునరావు కళ్ళు మెరిశాయి. రిటైరయ్యాక ఆయనకు దొరికిన మొదటి నిర్మాణం ఇది. వారం తిరక్కుండా డైనింగ్ టేబుల్ నిండా బ్రోషర్లు పరుచుకున్నారు. విక్టోరియన్ అట, జార్జియన్ అట. ఒకదానికి గోపురం, ఒకదానికి కొసన మొగ్గలాంటి ఇనప నగిషీ. ఎర్ర ఇటుక కలోనియల్ ఇంటికి ఏ పద్ధతి గది నప్పుతుందో, కిటికీ గీతలు దేనికి సరిపోవాలో ఆయన భోజనాల దగ్గర లెక్చర్లు ఇచ్చేవారు.

కృష్ణకుమారి వేలు పెట్టి చూపించింది చివరి పేజీ. గోడకు ఆనుకుని ఒక్క వాలుకప్పు, మూడు వైపులా అద్దాలు, అంతే.

"ఇది వసారా కదే!" అన్నారాయన. "వసారా కట్టుకోడానికా అమెరికా వచ్చింది?"

"వసారానే కావాలండీ నాకు. ఎండ బాగా పడుతుంది."

ఆ ఇల్లు వీధి మూల మీద ఉంది. ముఖం పడమరకు. వంటిల్లు వెనక వైపు ఆగ్నేయంలో, దాని పక్కన దక్షిణంగా ఖాళీ జాగా, దాన్నానుకుని పక్కవీధి. చలికాలపు ఎండంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ జాగాలోనే పడి వృథాగా పోతుంది. ఇంట్లోకి వచ్చేది సింకు మీది చిన్న కిటికీలోంచి వచ్చినంతే. అది గిన్నెల మీద పడుతుంది. గది అక్కడే రావాలని కృష్ణకుమారి మనసులో ఎప్పుడో కట్టేసుకుంది. ఒక పడకకుర్చీ, ఒక స్టూలు, కాళ్ళ మీద ఎండ. కాంట్రాక్టరు వచ్చి చూసి, బాగానే ఉంటుందని కొలతలు కూడా తీసుకుని వెళ్ళాడు. ఆ వారం ఆమె సన్నగా ఏదో పాట పాడుకుంటూ వంట చేసింది.

అప్పుడొచ్చారు రాఘవులు. ఇళ్ళు అమ్మిపెట్టడం ఆయన వృత్తి. షాంటిలీ, హెర్న్‌డన్‌లలో మనవాళ్ళు ఇల్లు కొన్నారంటే నూటికి తొంభై పాళ్ళు ఆయన కారెక్కి కొన్నట్టే. కాఫీ తాగుతూ కాగితం మీది గీతలు చూసి కప్పు కింద పెట్టేశారు.

"రావుగారూ, ఇదేంటండీ? సౌత్‌కి పెంచుతున్నారా? అందులోనూ ఆగ్నేయం! రేపు ఈ ఇల్లు అమ్మకానికి లిస్ట్ చేస్తే మనవాళ్ళు కారు కూడా దిగరండీ. మీ నైబర్‌హుడ్‌లో కొనేదంతా ఇప్పుడు మన పిల్లలే. కంపాస్ యాప్ ఫోన్‌లో పెట్టుకుని వస్తున్నారు. ఈశాన్యం పెంచండి. ఇల్లు ఎగరేసుకుపోతారు."

మల్లికార్జునరావుకు వాస్తంటే నవ్వు. ఎన్ని పార్టీల్లో ఎంతమందితో వాదించారో లెక్క లేదు. నది మీద వంతెన కట్టేటప్పుడు ఏ మూల పెరిగిందో ఎవడైనా చూస్తాడా అని అడిగేవారు. అలాంటి మనిషి ఆ సాయంత్రం పెన్సిలు తీసుకుని గదిని ఇంటికి అటు చివర, ఈశాన్యం మూలకు జరిపేశారు.

"నేను నమ్మను కుమారీ, నీకు తెలుసుగా. కానీ కొనేవాడు నమ్ముతాడు. మనమెందుకు లాస్ అవ్వాలి?"

నమ్మేవాడు కట్టుకుంటే తన నమ్మకం కోసం కట్టుకుంటాడు. నమ్మనివాడు ఊరూ పేరూ తెలియని వాడి నమ్మకానికి కట్టడం మనవాళ్ళలో తప్ప ఇంకెక్కడా చూడలేదు.

"అటువైపు ఎండ రాదండీ. వెనక అడివి. ఆ పైన్ చెట్లు చూడండి, ఎంతెత్తున్నాయో" అంది కృష్ణకుమారి.

"చెట్లకేగా? గ్రో లైట్లు పెడదాం. ఎండకన్నా అవే బెటర్‌ట. ఆన్ చేస్తే ఆన్, ఆఫ్ చేస్తే ఆఫ్."

చెట్లకు కాదండీ, నాకు, అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఆ మాట వెనకాల వంతెన ఉంది, డాక్టరమ్మ ఉంది, దమయంతి పక్కన ఖాళీ కుర్చీ ఉంది. ఒకటి బయటికి వస్తే అన్నీ వస్తాయి. ఆమె మింగేసింది. ఆయన అప్పటికే గోపురం మీద నగిషీ నల్లదా తెల్లదా అన్న దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆదివారం ఫోన్లో అంకిత నేరుగానే అడిగింది. "అమ్మా, నీకేం కావాలి? ఆ రూమ్ నీ ఐడియా కదా. నాన్న విక్టోరియన్, విక్టోరియన్ అంటున్నాడు. డూ యూ ఈవెన్ లైక్ ఇట్?"

స్పీకర్ ఫోన్. ఆయన ఎదురుగా కూర్చుని పల్లీలు తింటున్నారు. అడిగినవాళ్ళు ఉండి కూడా చెప్పలేకపోవడం కన్నా కష్టం ఇంకొకటి లేదు.

"నాకేముందమ్మా, మీ నాన్నగారు అన్నీ చూస్తున్నారుగా" అంది.

అక్టోబరుకల్లా గది లేచింది. ఉన్నమాట చెప్పాలంటే చాలా అందంగా లేచింది. ఎనిమిది పలకల ఆకారం, తెల్లటి గోపురం, కొసన నల్ల మొగ్గ. ఇంటి ఇటుకకు సరిగ్గా జతపడే ఇటుక వెతికి తెప్పించి పునాది గోడ కట్టించారు మల్లికార్జునరావు. కాలనీ కమిటీ వాళ్ళు కూడా వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. మనవాళ్ళను పిలిచి, కరెంటు పొయ్యి తెచ్చి, ఆ గదిలో పాలు పొంగించారు. ఈశాన్యం కనుక పాలు బ్రహ్మాండంగా ఆ దిక్కుకే పొంగాయని రాఘవులు అందరికీ వినపడేలా అన్నారు.

కృష్ణకుమారి పట్టుబట్టి దమయంతిని కూడా పిలిచింది. అందరూ గోపురం చూస్తుంటే దమయంతి మాత్రం నేల వైపు చూసింది. పట్టపగలు, ఆకాశంలో మబ్బు లేదు, నేల మీద ఎక్కడా నీడలు లేవు. నీడలు పడాలంటే ఎండ ఉండాలి.

"ఎండ ఏ వైపు నుంచి వస్తుంది కుమారీ ఇక్కడికి?" అని మెల్లిగా అడిగింది.

దమయంతి ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. ఇంకేమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది. అప్పుడు కృష్ణకుమారికి అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. స్వీట్లు సర్దాలన్న నెపంతో లోపలికి వెళ్ళిపోయింది.

నవంబరులో గడియారాలు మళ్ళీ వెనక్కి తిరిగాయి. రోజూ పొద్దున్నే శాలువా కప్పుకుని ఆమె ఆ గదిలో కూర్చునేది. కట్టించాక కూర్చోకపోతే బాగోదని. అద్దాల అవతల పైన్ చెట్లు, వాటి వెనక ఇంకా పైన్ చెట్లు. వెలుగు వచ్చేది, ఎండ రాలేదు. మల్లికార్జునరావు బిగించిన లైట్లు ఊదారంగులో వెలిగేవి. ఆ వెలుగులో తన చేతులు తనకే ఎవరివో లాగా కనిపించేవి. డిసెంబరులో కరివేపాకు ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. మల్లికార్జునరావు కంగారుపడి ఇంకో రెండు లైట్లు తెచ్చారు. చెట్ల గురించి ఇంత కంగారుపడే మనిషి పక్కనే ఎండిపోతున్న మనిషిని చూడడేమని ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది. ఆ కోపం కూడా సాయంత్రానికి చల్లారిపోయింది. నిలుపుకునే ఓపిక లేదు.

మాత్రలు వేసుకుంటూనే ఉంది. అవి ఆమెను కింద పడకుండా పట్టుకున్నాయి. లేపి నిలబెట్టలేకపోయాయి.

జనవరిలో ఒక మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే కిటికీలోంచి ఎండ చేతి మీద పడింది. చేతిని చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత కుళాయి కట్టేసి, కారు తాళం తీసుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికి వెళ్ళి, డ్రైవ్‌వేలో ఉన్న కారెక్కి తలుపు వేసుకుంది. స్టార్ట్ చేయలేదు. పడమటి ముఖం ఇల్లు కనుక మధ్యాహ్నం దాటాక అక్కడ ఎండ ఉంటుంది. అద్దాలన్నీ మూసి ఉన్న కారు వెచ్చగా ఉంది. కళ్ళు మూసుకుంది. మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడు కూడా.

బజారుకు వెళుతోందని మల్లికార్జునరావు అనుకున్నారు. ఒకరోజు రాఘవులు ఫోన్ చేసి, "ఏంటి రావుగారూ, ఆ వీధిలో ఇల్లు చూపిస్తూ మీ ఇంటి ముందు నుంచి వెళ్ళాను. వదినగారు కార్‌లో కూర్చుని ఉన్నారు. గంటన్నర తర్వాత తిరిగొస్తున్నా అక్కడే ఉన్నారు. అంతా ఓకేనా?" అని అడిగారు. కొనేవాళ్ళు చూశారన్న దిగులు ఆ గొంతులో ఉందో లేదో గానీ, మల్లికార్జునరావు మాత్రం ఫోన్ పెట్టేసి గబగబా లేచారు.

బయటికొచ్చి చూస్తే కారులో ఆమె తల వెనక్కి వాలి ఉంది. అద్దం మీద కొట్టారు. ఆమె కళ్ళు తెరిచి లాక్ తీసింది. ఆయన పక్క సీట్లో కూర్చున్నారు.

"ఎక్కడికి వెళ్ళాలి కుమారీ?"

"ఎక్కడికీ లేదు."

"మరి ఇక్కడేంటి? అంత మంచి సన్‌రూమ్ పెట్టుకుని?"

ఆమె మొదలుపెట్టి ఆపకుండా చెప్పింది. కొత్తిమీర తేని రోజు, వంతెన, డాక్టరమ్మ, మాత్రలు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఎండ పడుతున్న తన ఒళ్ళోకే చూస్తూ ఉంది. మల్లికార్జునరావు ముఖంలో రంగు పోయింది. ఆ వంతెన ఆయన పనిచేసిన శాఖదే. దాని కమ్మీ ఎంత ఎత్తో ఆయనకు తెలుసు.

"ఇంత జరిగితే నాతో ఒక్క మాట చెప్పలేదేం? చెబితే అక్కడే కట్టేవాణ్ణిగా!"

"ఎండ రాదని చెప్పానండీ."

"చెట్లకన్నావు కుమారీ!"

"అవును, చెట్లకన్నాను." ఆమె అప్పుడు తలెత్తి ఆయన వైపు చూసింది. "నాకని చెబితే కొనేవాళ్ళు ఒప్పుకునేవాళ్ళా?"

ఆయన తల తిప్పి ఇంటి వైపు చూశారు.

"ఇరవై ఏళ్ళయింది ఈ ఇంటికొచ్చి. మా అమ్మ ఫోటోకి మేకు లేదు. వాళ్ళెప్పుడొస్తారో తెలీదు. నేను ఉన్నాను కదండీ ఇంట్లో."

గట్టిగా అనలేదు. ఏడవలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. మల్లికార్జునరావుకు అదే తగిలింది. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడిచినవే మళ్ళీ తుడిచారు. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు. ఆ తరం మగాళ్ళకు ఎవరూ నేర్పలేదు.

ఈలోగా ఎదురింటి నీడ డ్రైవ్‌వే మీదికి పాకి వచ్చింది. ముందు బానెట్ మీదికి, తర్వాత అద్దం మీదికి. ఆమె ఒళ్ళో ఎండ మోకాళ్ళ దగ్గరికి తగ్గింది. ఆమె ఇక లేవడానికి సిద్ధపడుతూ చెప్పులు వెతుక్కుంది. రోజూ ఈ వేళకే లోపలికి వెళ్ళిపోతుంది.

"ఒక్క నిమిషం. నువ్వు ఇటు కూర్చో" అన్నారాయన.

దిగి ఇటు వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. కారు స్టార్ట్ చేసి వీధిలోకి తీసి, వీధి మలుపు తిరిగి, పక్కవీధిలోంచి నేరుగా ఇంటి దక్షిణం వైపు గడ్డి మీదికి ఎక్కించారు. కూతుర్ని ఆడుకోనివ్వని గడ్డి. ముందటేడాది మళ్ళీ విత్తనాలు చల్లి పెంచిన గడ్డి. చక్రాల కింద నలుగుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. కాలనీ వాళ్ళు చూస్తే నోటీసు పంపిస్తారు. ఆయన ఆగలేదు. వంటింటి కిటికీ పక్కగా, ఆమె వేలు పెట్టి చూపించిన వాలుకప్పు రావాల్సిన చోట, కారును ఎండకు ఎదురుగా తిప్పి నిలబెట్టారు.

ఎండ మళ్ళీ ఆమె మెడదాకా వచ్చింది.

"ఇక్కడ ఎంతసేపుంటుంది?" అని అడిగారు. నెలల తరబడి ఆ ఇంటి మూలలన్నీ కొలిచిన మనిషి.

"నాలుగున్నర దాకా ఉంటుంది" అంది కృష్ణకుమారి.

ఆయన ఇంజను ఆపి తాళం ఆమె చేతిలో పెట్టారు. ఇంటికి అటు చివర గోపురం గదిలో ఊదారంగు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఫిబ్రవరి అంతా ఇంకా ముందే ఉంది.